అగార్ పళ్లెంలో మూలుగ: ఓడిందని ఎవరన్నారు?

లుకేమియాకు ముందు దశలుగా భావించే రక్తరుగ్మతల చరిత్ర రాసేవాళ్లు, ప్రయోగశాలలో మూలుగ కణాల పెంపకాన్ని ఒక్క పేరాలో ముగించేస్తారు. డెబ్బైలలో కాలనీలు లెక్కపెట్టారు, ఒకరి ఫలితం మరొకరితో పొసగలేదు, ఆనక క్రోమోజోములు, జన్యువులు వచ్చి ఆ గొడవ తీర్చేశాయి అంటారు. ఇందులో అబద్ధమేమీ లేదు గానీ, అసలు సంగతి జారిపోయింది.

తొలి అడుగులు తెలిసినవే. 1961లో టొరాంటోలో టిల్, మెకల్లక్ ఎలుక ప్లీహంలో మూలుగ కణాలు గుబుర్లు కట్టడం చూపారు. 1965లో ఇజ్రాయెల్‌లో ప్లుజ్నిక్, సాక్స్, 1966లో మెల్‌బోర్న్‌లో బ్రాడ్లీ, మెట్‌కాఫ్ వాటిని మెత్తని అగార్‌లో కాలనీలుగా పెంచారు. 1970లో పైక్, రాబిన్సన్ మనిషి మూలుగతోనూ ఆ పని సాధించారు. మరుసటి ఏడే గ్రీన్‌బర్గ్, నికొల్స్, ష్రియర్ లుకేమియా, ప్రీలుకేమియా రోగుల మూలుగను పరీక్షకు పెట్టారు.

వివాదం ఇక్కడే మొదలైంది. పని చూడటానికి తేలిక. సూదితో తీసిన మూలుగలోంచి లక్ష కణాలో, రెండు లక్షలో తీసుకుని, గట్టిపడీపడని అగార్‌లో కలిపి చిన్న పళ్లెంలో పోసి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు వారాలు ఉంచాలి. తర్వాత మైక్రోస్కోపు కింద లెక్క. 40 కణాలు దాటితే కాలనీ, దాటకపోతే క్లస్టర్. ప్రీలుకేమియాలో తరచు కాలనీలు పలచబడి క్లస్టర్లు పెరుగుతాయి, కొన్ని పళ్లేల్లో ఏమీ మొలవదు. 1974లో మూర్, మెట్‌కాఫ్ బృందం చికిత్స మొదలుకాని 127 మంది అక్యూట్ లుకేమియా రోగులను పరిశీలించి, కణాలు పెరిగే తీరును బట్టి రోగం ఎటు పోతుందో అంచనా వేయవచ్చంది. 1979లో వర్మ, స్పిట్జర్ తదితరులు ప్రీలుకేమియాలోనూ అదే వెతికారు. తర్వాత కొన్ని ప్రయోగశాలలు ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి.

ఈ తేడాలకు ముఖ్య కారణం కణాలకు పెట్టిన తిండేనని నా అభిప్రాయం. ఈ కణాలు వాటంతటవి పెరగవు, వాటిని ప్రేరేపించే పదార్థం ఉండాలి. అది శుద్ధరూపంలో అప్పటికి దొరకలేదు. ఒకరు దాతల తెల్లకణాలను అడుగుపొరగా పరిచారు, ఒకరు మాయ ముక్కలు నానిన ద్రవం పోశారు, మరొకరు కేన్సర్ కణాలు పెరిగిన ద్రవం వాడారు. వాటిలో ఏది ఎంతుందో ఎవరికీ తెలియదు. పైగా కాలనీకి హద్దు ఒకచోట 40, మరొకచోట 50; ఒకరు ఏడో రోజున లెక్కపెడితే మరొకరు పద్నాలుగో రోజున. మొలక రాకపోతే విత్తనం పుచ్చిందో, నేలే చవుడో తేల్చే వీలు లేదు.

అలాగని తప్పంతా ద్రవాల మీదికి నెట్టేయలేం. ఎనభైల మధ్యకల్లా కణాలను ప్రేరేపించే ఆ పదార్థాలు, అంటే జీఎం-సీఎస్ఎఫ్, జీ-సీఎస్ఎఫ్, శుద్ధంగా చేతికొచ్చాయి. అయినా చాలామంది ఎండీఎస్ (ప్రీలుకేమియాకు తర్వాత వచ్చిన పేరు) రోగుల కణాలు సరిగా పెరగలేదు. లోపం కణంలోనూ ఉందన్నమాట. అయితే ఏ లోపం? మూలుగ నిండుగా ఉంటుంది, రక్తంలో మాత్రం కణాలు కరువు. తొంభైలలో అజ్రా రజా తదితరులు చూపిందేమంటే, ఈ కణాలు చురుగ్గానే విభజన చెందుతూ ఎదగకముందే తమను తాము చంపుకుంటున్నాయి. కాలనీ కావలసింది క్లస్టర్ దగ్గరే ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమై ఉండాలి. మొత్తం కారణం ఇదేనని మాత్రం అనను. రోగం లుకేమియా వైపు జరిగేకొద్దీ ఈ చావులు తగ్గుతాయి కూడా.

1997లో 816 మంది ఎండీఎస్ రోగుల వివరాలతో, రోగం ఎటు పోతుందో అంచనా వేసే అంతర్జాతీయ స్కోరు తయారైంది. అందులో బ్లాస్టుల (ఎదగని కణాల) శాతం, క్రోమోజోములు, తగ్గిన కణాల రకాలు ఉన్నాయి. కాలనీల ఊసే లేదు. ఆ బృందానికి ముందు నిలిచింది మరెవరో కాదు, 26 ఏళ్ల కిందట అగార్ పళ్లెం పట్టిన గ్రీన్‌బర్గే! దీన్నే పద్ధతి ఓటమికి సాక్ష్యంగా చూపిస్తుంటారు. రెండు వారాలు పట్టే, చోటుచోటుకూ మారే పరీక్షను రోగి మంచం దగ్గరికి తేకపోవడం సబబే. పరిశోధనకు అది పనికిరాదని మాత్రం ఆ స్కోరు చెప్పలేదు. 1991లో ఇమాన్యుయెల్ బృందం, పసిపిల్లలకొచ్చే ఒక అరుదైన లుకేమియాలో కణాలు జీఎం-సీఎస్ఎఫ్ చుక్కకే ఎగసి పెరుగుతాయని పళ్లెంలోనే కనిపెట్టింది. అది రోగనిర్ధారణకూ ఆసరా అయింది. 2008లో ఎబర్ట్ బృందం, ఒక రకం ఎండీఎస్‌లో ఐదో క్రోమోజోమ్‌లో పోయిన భాగంలోని జన్యువులను పెంపకంలోని మానవ కణాల్లో ఒక్కొక్కటిగా అణచిచూసి, ఎర్రకణాల ఎదుగుదలను ఆపుతున్నది ఆర్‌పీఎస్14 అనే జన్యువు లోపమని పట్టుకుంది. క్రోమోజోమ్ పటం ఒక్కటే ఈ సంగతి చెప్పగలిగేది కాదు.

2022 నాటి కొత్త స్కోరులో 31 జన్యువుల్లోని మార్పులు చేరాయి. మెచ్చుకోవలసిందే. కానీ అలాంటి మార్పులు ఆరోగ్యంగా తిరిగే వృద్ధుల రక్తంలోనూ ఉన్నాయని 2014లోనే తేలింది. ఫలానా రోగి హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోతోందో జన్యువుల జాబితా ఒక్కటే చెప్పదు. కణాన్ని బతికించి దాని నడక చూడాలి. పరిశోధన పత్రికలు కూడా ‘పెరగలేదు’ అన్న ఫలితాన్ని, ఏ ద్రవంలో, ఎన్ని రోజులకు అన్నది రాయకుండా అచ్చువేయకూడదు. ఎండీఎస్ రోగి కణాలను నెలల తరబడి నమ్మకంగా పెంచగలిగే, అందరూ ఒప్పుకునే పద్ధతి ఇప్పటికీ లేదు.