ఊరేగింపుకొచ్చిన గుహ

2015 వేసవిలో మా అమ్మ యానాం నుంచి పారిస్ వచ్చింది. ఈఫిల్ టవర్ని కింద నుంచే చూసి "మెడ పట్టేసేలా ఉంది, పద" అంది. లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా ముందు తోపులాట చూసి "దీనికంటే తిరుపతి నయం, బయటికొచ్చాక లడ్డూ అయినా చేతిలో పడుతుంది" అంది. ఆ నెల రోజుల్లో ఆమె మాటా పలుకూ లేకుండా నిలబడిపోయిన చోటు ఒక్కటే. పోర్త్ ద వెర్సాయ్ దగ్గర ఎగ్జిబిషన్ హాల్లో పెట్టిన లాస్కో గుహ.

గుహని తెచ్చి హాల్లో పెట్టడమేమిటని మీకు అనుమానం రావచ్చు. ఆమెకీ వచ్చింది. అసలు గుహ నైరుతి ఫ్రాన్సులో, దోర్దోన్య్ జిల్లాలో, వెజేర్ నది ఒడ్డున ఉన్న మోంతిన్యాక్ అనే చిన్న ఊరి పక్క కొండలో ఉంది. 17 వేల నుంచి 21 వేల ఏళ్ళ కిందట అక్కడ మసిలిన మనుషులు దాని గోడల మీద 600 దాకా రంగు బొమ్మలు వేశారు, 1,500 దాకా బొమ్మలు గీరి చెక్కారు. 1963లో ఆ గుహకి తాళం పడింది. పరిశోధకుల్ని కూడా గంటలు లెక్కపెట్టి పంపుతారు. మనం చూడబోయేది నకలు అని చెప్పాను.

"నకలుకి టికెట్టా?" అంది ముందు. తర్వాత కాసేపాగి తనే అంది: "అయితే మూలవిరాట్టు గర్భగుడిలోంచి కదలదు. ఇది ఉత్సవ విగ్రహం, ఊరేగింపుకి బయల్దేరింది. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదరా!"

ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటూ లాస్కో గురించి నేను చదివినవాటిలో ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళు లేరు.

ఆ ఊరేగింపు 2012 అక్టోబరులో బోర్దో నగరంలో మొదలైంది. 2013లో సముద్రం దాటి షికాగో ఫీల్డ్ మ్యూజియానికి వెళ్ళింది. తర్వాత హ్యూస్టన్, మాంట్రియల్, మళ్ళీ ఇటు తిరిగి బ్రస్సెల్స్, పారిస్. ఆ తర్వాత జెనీవా మీదుగా దక్షిణ కొరియా, జపాన్ దాకా పోయింది. షికాగోలో, హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళు కొందరు చూసే ఉంటారు.

విగ్రహాన్ని పోతపోసింది మోంతిన్యాక్‌లోనే. గుహ గోడని లేజర్‌తో కొలిచి, ఆ ఎగుడుదిగుళ్ళన్నీ ఉన్నవున్నట్టు వచ్చేలా రెజిన్, రాతిపొడి కలిపి పల్చటి పెంకులు తయారుచేశారు. దాని మీద బొమ్మని వెలుగుగా పడేసి, చెయ్యి తిరిగిన కళాకారులు రంగుమట్టితో గీత మీద గీత దిద్దారు. ఈ పద్ధతికి 'రాతి మేలిముసుగు' అని పేరు పెట్టుకున్నారు. వెనక నుంచి చూస్తే నాటకాల సెట్టింగు. ముందు నుంచి చూస్తే తడి తగులుతుందేమో అనిపించే రాయి. విడగొట్టి పెట్టెల్లో సర్దితే ఏ దేశానికైనా పోతుంది.

లోపల చీకటి. అమ్మ చెప్పులు విడవబోయింది. "ఇది గుడి కాదమ్మా" అన్నాను. "నీకెలా తెలుసు?" అంది. ఇలాంటి గుహల విషయంలో నూరేళ్ళకు పైగా పండితులు తలలు బద్దలుకొట్టుకుంటున్న ప్రశ్న అది. చెప్పులు మాత్రం వేయించాను.

మొదట నల్లావు. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతూ, తల చిన్నదిగా, పొట్ట నిండుగా. దాని చుట్టూ గుర్రాలు. ఇంకో గోడ మీద రెండు అడవిదున్నలు, ఒకదాని పిరుదులు ఇంకోదానికి ఆనించి, చెరో దిక్కుకీ దూసుకుపోతున్నాయి. దగ్గరి దున్న దూరపు దున్నని కాస్త కప్పుతుంది. ముందూ వెనకా తెలిసేలా బొమ్మ వేయడం మనిషి ఈమధ్య నేర్చుకున్నాడనుకుంటాం కదా, అక్కడ నిలబడితే ఆ అహం దిగిపోతుంది. వాళ్ళ చేతిలో ఉన్నవి ఎరుపు, పసుపు రంగుల ఇనుప మట్టి, నల్లటి మాంగనీసు రాయి. నీలం లేదు, ఆకుపచ్చ లేదు. వెలుగు కోసం జంతువుల కొవ్వు పోసిన రాతి దీపాలు. గుహలో దొరికిన ఒక దీపానికి పిడి కూడా ఉంది. ప్రమిదకి గరిటె కాడ అతికించినట్టుంటుంది.

తర్వాత ఐదు దుప్పుల తలలు. ఒంటి భాగం లేదు, మెడ దాకానే. కొమ్ములు పైకెత్తి, మోరలు చాచి, ఒకదాని వెనక ఒకటి. రాతిలో కింద నల్లటి పట్టీ ఉంది, అదే నీళ్ళు. పండితులు వీటిని ఈదుతున్న దుప్పులంటారు. నేను ఆ సంగతి చెప్పకముందే అమ్మ అంది: "గౌతమి దాటుతున్న గేదెలు ఇలాగే ఉంటాయి. మెడ ఇంత చాచిందంటే లోతు ఎక్కువన్నమాట." మా ఇంటికీ గోదావరి గట్టుకీ పెద్ద దూరం లేదు. చిన్నప్పుడు నేనూ వాటిని చూసినవాణ్ణే. దుప్పుల ముందు నిలబడి నాకు గుర్తు రాలేదు, అంతే.

అప్పుడు ఆమెకి ఒక చిక్కుప్రశ్న చెప్పాను. గుహలో దొరికిన ఎముకలు చూస్తే, వాళ్ళు తిన్నది దాదాపు అంతా రెయిన్‌డీర్ మాంసమే. గోడల మీద చూస్తే గుర్రాలు, అడవి ఎద్దులు, దుప్పులు. రెయిన్‌డీర్ అని చెప్పదగ్గ బొమ్మ ఒక్కటి ఉంటే ఉంది. రోజూ తినే జంతువుని ఎందుకు గీయలేదు?

"ఇందులో చిక్కేముందిరా? సంక్రాంతికి వాకిట్లో రథం వేస్తాం, చిలకల్ని వేస్తాం, నెమళ్ళని వేస్తాం. పులస వేస్తామా? పులస పులుసుకి."

ఇది సిద్ధాంతం అవునో కాదో నాకు తెలియదు గానీ, దీన్ని కొట్టిపారేసే మాట మాత్రం ఇప్పటిదాకా నాకు తట్టలేదు.

చివర్లో బావి బొమ్మ. గుహలో ఒకచోట నిలువుగా దిగే గొయ్యి ఉంది, దాని అడుగున ఉన్న బొమ్మ ఇది. పేగులు జారిపోతున్న అడవిదున్న, దాని ముందు వెల్లకిలా వాలిన మనిషి, పక్కన కర్ర మీద పిట్ట, ఇంకోపక్క వెళ్ళిపోతున్న ఖడ్గమృగం. మనిషి తల కూడా పిట్ట తలే. లాస్కోలో కనిపించే మనిషి ఇతనొక్కడే. జంతువుల్ని అంత వైనంగా వేసినవాళ్ళు తమ వంతు వచ్చేసరికి పిల్లలు పలక మీద గీసినట్టు నాలుగు గీతలు గీసి వదిలేశారు.

బొమ్మల సంగతి ఇది. ఇవి బయటపడిన రోజుల కథ ఈ దేశంలో అందరూ అంత ఇష్టంగా చెప్పుకోరు.

1940 జూన్ 22న ఫ్రాన్సు ఓడిపోయి హిట్లర్‌తో సంధి పత్రం మీద సంతకం పెట్టింది. ఉత్తరాన జర్మన్ సైన్యం, దక్షిణాన విషీ పట్నంలో కొలువుదీరిన మార్షల్ పెతాఁ సర్కారు. మోంతిన్యాక్ దక్షిణం వాటాలో పడింది. పారిస్ నుంచీ సరిహద్దు అల్సాస్ నుంచీ జనం మూటాముల్లె సర్దుకుని ఆ ప్రాంతానికి చేరారు. మార్సెల్ రవిదా ఆ ఊరి కుర్రాడు, గరాజులో పని నేర్చుకుంటున్నాడు. రోబో అనే తన కుక్కతో కొండ మీద తిరుగుతూ సెప్టెంబరు 8న ఒక కన్నం చూశాడు. నాలుగు రోజులాగి, 12న, సొంతంగా చేసుకున్న దీపం పట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. వెంట ముగ్గురు: ఊరివాడే అయిన జాక్ మార్సాల్, సెలవులకొచ్చిన పారిస్ పిల్లాడు జార్జ్ అన్యెల్, పారిస్ శివారు నుంచి కుటుంబంతో తలదాచుకోవడానికి వచ్చిన పదమూడేళ్ళ యూదు పిల్లాడు సిమోన్ కోయెన్‌కాస్. కన్నం పెద్దది చేసుకుని జారుకుంటూ లోపలికి దిగారు. ఊళ్ళో మాస్టారికి చెప్పారు. తొమ్మిది రోజుల్లో, రాతి బొమ్మల విషయంలో అప్పటి పెద్ద దిక్కయిన బ్రోయ్ ఫాదరీ వచ్చి చూసి, ఇది నిజమైనదేనన్నాడు.

పిల్లలు గుహలోకి దిగిన మూడు వారాలకి, అక్టోబరు 3న, విషీ సర్కారు యూదుల మీద మొదటి చట్టం తెచ్చింది. సర్కారు కొలువులు, బళ్ళలో పంతులు ఉద్యోగాలు, పత్రికలు, సినిమాలు వాళ్ళకి మూసుకుపోయాయి. డిసెంబరు 27న అదే సర్కారు లాస్కోని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. కోయెన్‌కాస్ కుటుంబం పారిస్ తిరిగి వెళ్ళింది. తర్వాత వాళ్ళని పట్టుకుని ద్రాంసీ శిబిరంలో పెట్టారు. పదహారేళ్ళు నిండలేదని సిమోన్‌ని వదిలిపెట్టారు. తల్లిదండ్రులు ఆష్విట్జ్ నుంచి తిరిగి రాలేదు. గుహకి దొరికిన రక్షణ, దాన్ని చూపించిన పిల్లాడి ఇంటికి దొరకలేదు.

యుద్ధం అయ్యాక 1948లో గుహ జనానికి తెరిచారు. దారి వెడల్పు చేశారు, మెట్లు కట్టారు, కరెంటు దీపాలు పెట్టారు. రవిదా, మార్సాల్ గైడ్లయ్యారు. రోజుకి వెయ్యి మందికి పైగా వచ్చేవారు. వేల ఏళ్ళు చెక్కుచెదరనిది పదిహేనేళ్ళలో పాడైపోసాగింది. కారణం ఎవరి దుర్మార్గమూ కాదు, ఊపిరి. వచ్చినవాళ్ళు వదిలిన గాలి, వాళ్ళ ఒంటి వేడి, చెమట. దీపాల వెలుగుకి గోడల మీద పచ్చటి నాచు పట్టింది. తేమకీ ఊపిరికీ తెల్లటి సున్నపు పొర పేరుకోసాగింది. వాటికి పచ్చజబ్బు, తెల్లజబ్బు అని పేర్లు పెట్టారు. 1963 ఏప్రిల్‌లో సంస్కృతి మంత్రి ఆంద్రే మాల్రో తలుపులు మూయించాడు. ఆయన స్వయంగా రచయిత, కళల మీద పుస్తకాలు రాసినవాడు. ఎంతో ఇష్టమైనదాన్ని ఎవరూ చూడకుండా దాచమని ఆయనే చెప్పాల్సి వచ్చింది. అయినా గుహ పూర్తిగా కోలుకోలేదు. 2001లో తెల్లటి బూజు కమ్ముకుంది. మందులతోనూ, నేల మీద చల్లిన సున్నంతోనూ దాన్ని అదుపు చేశారు. "మన ఊపిరి తగిలితేనే మైలపడిందంటే, గుహ మడి కట్టుకుందన్నమాట" అంది అమ్మ.

1983లో గుహకి 200 మీటర్ల దూరంలో మొదటి నకలు కట్టారు. అందులో ఐదు మీటర్లు దాటిన పెద్ద ఎద్దు ఉంటుంది. ఆ నకలులో లేని బొమ్మలే ఊరేగింపుకి ఎంచుకున్నారు. ఆ తర్వాత 2016 డిసెంబరులో కొండ కింద దాదాపు మొత్తం గుహ నకలు తెరిచారు.

ఇప్పుడు మా తాతయ్య మాట చెప్పాలి. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉందని మీకు తెలుసు. తాతయ్య చదివింది ఫ్రెంచి బడి. గోదావరి గట్టున కూర్చున్న తెలుగు పిల్లల చేత, మన పూర్వీకులు, ఒకప్పుడు ఫ్రాన్సు నేల మీద బతికిన గాల్ జాతివాళ్ళని వల్లె వేయించేవారట. ఫ్రెంచి వలసల్లో చాలాచోట్ల ఇదే పాఠమని చెబుతారు. ఆయన బళ్ళో గాల్ వాళ్ళని అప్పజెప్పి, ఇంటికొచ్చి తన తండ్రికీ తాతకీ ముత్తాతకీ తర్పణం వదిలేవాడు. నాకు ఫ్రెంచి పౌరసత్వం వచ్చినరోజు ఆయనే గుర్తొచ్చాడు. ఆయన అబద్ధమని తెలిసి నేర్చుకున్న మాట నాకు కాగితం మీద నిజమైపోయింది.

గాల్ వాళ్ళు ఈ నేల మీద నిన్నమొన్నటివాళ్ళు. లాస్కో బొమ్మలకీ వాళ్ళకీ మధ్య వేల ఏళ్ళ ఎడం. అయినా పాతదేది కనిపించినా ఇక్కడి జనం గాల్ వాళ్ళకి రాసిచ్చేశారు. ఆస్టెరిక్స్ బొమ్మల కథల్లో ఒబెలిక్స్ వీపున మోసే నిలువురాయి కూడా నిజానికి వాళ్ళకంటే ఎంతో ముందుది. మనమేం తక్కువ తిన్నాం? ఎవరు నిలబెట్టారో తెలియని రాతి సమాధుల్ని రాక్షసగుళ్ళన్నాం. భూపాలపల్లి దగ్గర రాతి మీద ఎర్రటి బొమ్మలున్న కొండని పాండవుల గుట్ట అన్నాం. కడప జిల్లా చింతకుంటలోనూ కర్నూలు జిల్లా కేతవరంలోనూ ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. యూరప్ పండితులు స్పెయిన్‌లోని అల్తమీరా గుహ చూసి ఇంత అందంగా ఆదిమానవుడు వేయలేడని పెదవి విరిచింది 1879 తర్వాత. దానికి పదేళ్ళకు ముందే మీర్జాపూర్ వైపు వింధ్య కొండల్లో కార్లైల్ అనే ఇంగ్లీషువాడు రాతి బొమ్మలు చూసి, అవి చాలా పాతవని రాసుకున్నాడు. ఆ రాత చాలాకాలం కాయితాల్లోనే ఉండిపోయింది.

లాస్కో మనుషులు ఏ భాష మాట్లాడారో ఎవరికీ తెలియదు. ఫ్రెంచి మాత్రం కాదు. అప్పటికి ఫ్రాన్సు లేదు, గాల్ లేదు. వాళ్ళకి తర్పణం వదిలే హక్కు ఎవరికుంది? గాల్ పాఠం చెప్పిన దేశం ఒక్క తరంలోనే తన పౌరుల్ని రక్తం లెక్కన విడదీసింది. అదే దేశంలో జాక్ మార్సాల్ అనే పిల్లాడు, గుహ దొరికిన కొత్తలో ఎవరూ పాడుచేయకుండా దాని నోటి దగ్గర గుడారం వేసుకుని కాపలా పడుకున్నాడు. పెద్దయ్యాక కూడా, 1989లో పోయేదాకా, ఆ గుహని కనిపెట్టుకునే ఉన్నాడు. నా లెక్కలో ఆ పూర్వీకులకి పెద్దకొడుకు అతనే.

అమ్మ తిరిగి వెళ్ళిపోయింది. 2016 సంక్రాంతికి ఫోన్ చేస్తే, వాకిట్లో ఆ ఐదు తలలూ ముగ్గు వేశానంది. వీధిలోవాళ్ళు మాయలేడి అనుకున్నారట. "ఒకటైతే మాయలేడి. ఐదెందుకుంటాయే అని నవ్వాను" అంది.

ఫొటో తీశావా అని అడిగాను.

"ఎక్కడ? మధ్యాహ్నానికే తొక్కేశారు. రేపు మళ్ళీ వేస్తాలే."