నాందేడ్ తరగతి గదిలో 1948

1948 డిసెంబర్ 9న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించే ఒడంబడికను ఆమోదించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఒక కమిటీగా, అక్కడ జరిగిన హత్యల గురించి తెలుసుకోవడానికి హైదరాబాద్ సంస్థానంలో ఊరూరా తిరుగుతున్నారు. నవంబర్ 29న మొదలైన ఆ పర్యటన డిసెంబర్ 21 దాకా సాగింది. అప్పటి 16 జిల్లాల్లో తొమ్మిదింటిని వాళ్లు చూశారు. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నవని వాళ్ల నివేదిక చెప్పిన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. మిగతా మూడూ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్.

మారణకాండల చరిత్ర చదవబోయే విద్యార్థి ముందుకు సాధారణంగా 1915 నాటి ఆర్మీనియన్లు, హిట్లర్ పాలనలో యూదులు, కంబోడియా, రువాండా వస్తాయి. అవన్నీ తెలుసుకోవలసినవే. కానీ నాందేడ్‌లో చదువుకునే పిల్లలు ఈ పాఠం కోసం సముద్రాలు దాటనక్కర్లేదు. రోజూ కాలేజీకి వచ్చే బస్సు దారిలోనే ఆ చరిత్ర ఉంది.

ఇది మరాఠీ వాళ్ల చరిత్ర మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. నాందేడ్ దాటిన గోదావరి బాసరకు వస్తుంది. 1956 దాకా ముథోల్ తాలూకా నాందేడ్ జిల్లాలో ఉండేది, కిన్వట్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు రెండూ చెరోవైపు మారాయి. బిలోలి, దెగ్లూర్, ధర్మాబాద్‌లలో తెలుగు మాట ఈనాటికీ వినిపిస్తుంది. నిజాం రాజ్యంలో రెండు భాషల వాళ్లూ ఒకే పాలన కింద ఒకే భయంతో బతికారు.

ఆ భయానికి పేరు రజాకార్లు, నిజాం పాలనకు కొమ్ముకాసిన సాయుధ దళం. వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ లాతూర్‌లో వకీలు. బిలోలి తాలూకాలో స్టేట్ కాంగ్రెస్ కార్యకర్త గోవిందరావు పాన్సరేను 1946 అక్టోబర్‌లో అర్జాపూర్ దగ్గర చంపేశారు. మరాఠ్వాడా ఆయనను విమోచన పోరాటపు తొలి అమరుల్లో ఒకరిగా తలచుకుంటుంది. 1948 ఆగస్టు నాటికి సంస్థానమంతా దోపిళ్లు, గృహదహనాలు, హత్యలు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్లను ఎదిరించి రాసినందుకు హైదరాబాద్‌లో హత్యకు గురయ్యాడు. అదే నెలలో బైరాన్‌పల్లి ఊరి జనాన్ని బురుజు దగ్గర ఊచకోత కోశారు. తెలంగాణలో ఈ కథ తెలియని ఇల్లు తక్కువ.

సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. మహారాష్ట్ర ఆ తేదీని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినంగా జరుపుకుంటుంది. నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1994లో ఇదే తేదీన. స్టేట్ కాంగ్రెస్‌ను నడిపిన స్వామీజీ పేరు దానికి పెట్టారు.

పండగ కథ 17తో ముగుస్తుంది. సుందర్‌లాల్ నివేదికలోని కథ అక్కడినుంచే మొదలవుతుంది. పోలీసు చర్య అని పిలిచిన ఆ సైనిక చర్య సాగుతుండగా, ఆ తరువాతి వారాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని వేలాది ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. ఎంత తగ్గించి లెక్క వేసినా మృతులు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని కమిటీ తేల్చింది. నాందేడ్‌తో సహా ఆ నాలుగు జిల్లాల్లోనే 18,000 మంది, అంతకన్నా ఎక్కువే కావచ్చునంది. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాలు ఆ తరువాతి వరుసలో ఉన్నాయి. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు దోపిడీని ప్రోత్సహించారనీ, హత్యల్లో పాల్గొన్నారనీ రాసింది. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా మనుషులను కమిటీ సభ్యులు పిలిచి మాట్లాడారు.

ఆ నివేదికలో గుర్తుపెట్టుకోవలసిన మరో భాగం ఉంది. చాలాచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువాళ్లను కాపాడారు. ఒకే వృత్తి చేసుకునే వాళ్ల మధ్య ఈ అనుబంధం మరీ గట్టిగా కనిపించిందని కమిటీ గమనించింది. ముస్లిం నేతగాళ్ల కోసం హిందూ నేతగాళ్లు సాటి హిందువులతోనే తలపడ్డారు, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. మగ్గం పక్కన మగ్గం వేసుకుని బతికినవాళ్ల తెగువ అది.

ప్రభుత్వం ఈ నివేదికను బయటపెట్టలేదు. 1950లో విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ మిడిల్ ఈస్ట్ జర్నల్‌లో హైదరాబాద్ ముస్లింల విషాదం గురించి రాశాడు. 1988లో ఒమర్ ఖాలిదీ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం నివేదిక భాగాలను పాఠకుల ముందు పెట్టింది. 2013 నాటికి గానీ ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో నివేదిక చూసే వీలు కలగలేదు. అరవై అయిదేళ్లు గడిచాయి.

మరి దీన్ని ఏ పేరుతో పిలవాలి? తరగతి గదిలో అసలు పాఠం ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

జెనోసైడ్ అనే మాటను పోలిష్ యూదు న్యాయవాది రఫేల్ లెమ్కిన్ 1944లో తయారుచేశాడు. నాజీల చేతిలో ఆయన కుటుంబంలో 49 మంది చనిపోయారు. ఆయన పట్టుదల వల్లే ఒడంబడిక వచ్చింది. దాని ప్రకారం హతుల సంఖ్య ఒక్కటే చాలదు. ఒక జాతిని, తెగను, మతసమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ రూపుమాపాలన్న ఉద్దేశం రుజువు కావాలి. రాజకీయ వర్గాలకు అందులో చోటు దొరకలేదు. అందుకే కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలన పదిహేను లక్షలకు పైగా ప్రాణాలు తీసినా, 2018లో ఆ దేశపు ప్రత్యేక న్యాయస్థానం జాతి నిర్మూలన నేరాన్ని చామ్ ముస్లింలు, వియత్నామీయుల విషయంలోనే ఖాయం చేసింది. రువాండాలో టాబా అనే చోట మేయర్‌గా పనిచేసిన జాన్ పాల్ అకయేసు 1998లో ఒక అంతర్జాతీయ ట్రిబ్యునల్ విచారణలో ఈ నేరానికి దోషిగా తేలిన మొదటి మనిషి.

మన దేశం ఒడంబడికను 1959లో ధ్రువీకరించింది. దానికి తగిన చట్టం మాత్రం పార్లమెంటు చేయలేదు. 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించిన కేసులో 2018 డిసెంబర్‌లో తీర్పు చెబుతూ ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపిన నాందేడ్‌లో ఆ తీర్పు కూడా పాఠమే.

1948 హత్యలు ఆ నిర్వచనంలోకి వస్తాయా లేదా అన్నది ఏ న్యాయస్థానమూ విచారించలేదు. విద్యార్థులు తీర్పు చెప్పే తొందర పెట్టుకోనక్కర్లేదు. ఆజ్ఞలు ఎవరిచ్చారు, ఆయుధాలు ఎక్కడివి, ఇళ్లు, పొలాలు ఎవరి పేరు మీదికి మారాయి, ఎవరు అడ్డుపడ్డారు అని అడగాలి. ఒక ప్రశ్నకు మాత్రం ఇప్పుడే జవాబు చెప్పవచ్చు. బైరాన్‌పల్లిని చూపించి నాందేడ్ హత్యలను సమర్థించడం తప్పు. నాందేడ్ హత్యలను చూపించి రజాకార్ల దౌర్జన్యాన్ని తగ్గించి చెప్పడమూ అంతే తప్పు. ఖాసిం రజ్వీ చేసినదానికి పల్లెలో మగ్గం నేసుకునే ముస్లిం బాధ్యుడు కాడు. ఇరువైపుల చావుల జాబితాలనూ ఒకే పుస్తకంలో, ఒకే శ్రద్ధతో రాయాలి.

కంబోడియా తన చేదు చరిత్రను ఇలాగే తరగతి గదిలోకి తెచ్చింది. ఏళ్ల తరబడి బడి పుస్తకాల్లో ఖ్మేర్ రూజ్ ఊసు అంతంతమాత్రమే. 2007లో అక్కడి పత్రాలను భద్రపరిచే కేంద్రం ఆ కాలపు చరిత్రను పాఠ్యపుస్తకంగా ప్రచురించింది. హంతకుల పిల్లలూ హతుల పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుని దాన్ని చదివారు.

1948లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. నాందేడ్, బిలోలి, దెగ్లూర్, భైంసా, ముథోల్ కాలేజీల చరిత్ర అధ్యాపకులు వచ్చే ఏడాది కోసం ఆగవద్దు. ఈ సెలవుల్లోనే పిల్లలను ఆ ఊళ్లకు పంపండి. మరాఠీలో, ఉర్దూలో, తెలుగులో, ఆ పెద్దలు ఏ భాషలో చెబితే ఆ భాషలో, వాళ్లు చెప్పేది చెప్పినట్టు రికార్డు చేయించండి.