‘సాధారణ నివాసం’: సంరక్షక చట్టంలో ఒక మాట చరిత్ర

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు బిడ్డ సంరక్షణ కోరే అర్జీకి నేటికీ ఆధారం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే. దాని 10వ సెక్షను ప్రకారం మైనరు పేరు, మతం, పుట్టిన తేదీ, సాధారణ నివాసం, ఆస్తి, ప్రస్తుతం ఎవరి వద్ద ఉన్నదీ అర్జీలో రాయాలి. ఆడపిల్లయితే వివాహమైనదా, భర్త వయస్సెంత అన్న ప్రశ్నా ఉంది. ఆనాటి సమాజం ఆ ఒక్క ప్రశ్నలోనే కనిపిస్తుంది. అయితే అర్జీ నిలబడేదీ వీగిపోయేదీ ‘సాధారణ నివాసం’ దగ్గరే. మైనరు సాధారణంగా నివసించే ప్రాంతంపై అధికారం గల జిల్లా న్యాయస్థానమే విచారించాలని 9వ సెక్షను నిర్దేశిస్తుంది.

ఈ మాట బరువును తెలుగువారి వ్యాజ్యమే లోకానికి చూపింది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య 1910లో తన కుమారులు కృష్ణమూర్తి, నిత్యానందలను అనీబిసెంటు సంరక్షణకు అప్పగించాడు. 1912లో ఆమె వారిని చదువుకోసం ఇంగ్లండుకు తీసుకుపోయింది. అదే ఏడాది తండ్రి చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అడయారు అప్పట్లో ఆ జిల్లాలోనిదే. దావా మద్రాసు హైకోర్టుకు బదిలీ కాగా 1913లో తండ్రి గెలిచాడు. 1914లో ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టివేసింది. తండ్రి తన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చునన్న వాదనను అది కాదనలేదు. కానీ చదువుకై ఇంగ్లండులో ఉన్న పిల్లలు చెంగల్పట్టులో సాధారణంగా నివసిస్తున్నట్లు కాదనీ, ఆ కోర్టుకు అధికారమే లేదనీ తేల్చింది. హక్కున్నా తండ్రి ఓడిపోయాడు. పిల్లల మాట వినకుండా వారి భవితవ్యం నిర్ణయించడాన్నీ కౌన్సిల్ తప్పుపట్టింది. నా దృష్టిలో ఆ తీర్పులో మిక్కిలి ఆధునికమైన భాగమదే.

పుట్టినిల్లు ఉదయగిరి, మెట్టినిల్లు ఆత్మకూరు అయితే చిక్కు లేదు. రెండూ నెల్లూరు జిల్లాలోనివే. కాపురం బెంగళూరులో సాగి, తల్లి బిడ్డతో ఉదయగిరి చేరితేనే ప్రశ్న. హిందూ వివాహ చట్టానికి 2003లో వచ్చిన సవరణ వల్ల ఆమె తానున్న చోటే విడాకులు కోరవచ్చు. ఆ కోర్టే 26వ సెక్షను కింద బిడ్డ గురించి ఉత్తర్వులివ్వవచ్చు. కానీ 1890 చట్టం కింద విడిగా అర్జీ వేస్తే చూడవలసింది తల్లి చిరునామా కాదు, బిడ్డ నివాసం. రుచి మజూ కేసులో (2011) సుప్రీంకోర్టు సాధారణ నివాసాన్ని ప్రధానంగా వాస్తవాలపై తేల్చవలసిన విషయంగా చూసింది. బాలుడు ఢిల్లీలో చదువుతుండడాన్ని లెక్కలోకి తీసుకుంది. కనుక బడి రిజిస్టరు సాక్ష్యమవుతుంది. అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి వద్దే ఉండాలని 1956 చట్టం చెబుతుంది. బడి ఈడు రాని ఆ పసివాడికి అంగన్‌వాడీ నమోదు, టీకాల కార్డు వంటివే ఆధారాలు.