ఎక్సురే చిత్రమున రోగి సహకారము: కోవిల్పట్టి, విరుదునగర ప్రాంతములు

1895 డిసెంబరు 22వ తేదీన జర్మనీ దేశపు వుర్జుబర్గు నగరమున రాంట్జెను పండితుడు తన భార్య అన్నా బెర్తా చేతిని ఛాయాఫలకముపై నుంచి, తాను నవంబరులో కనుగొనిన ఎక్సుకిరణములను ఇంచుమించు పదునైదు నిమిషములు ప్రసరింపజేసెను. ఎముకలును, వ్రేలి యుంగరమును ఫలకముపై నిలిచినవి. ఆమె చేయి కదలినచో ఆ చిత్రము చెరిగియుండెడిది. ఎక్సురే చరిత్రలో చిత్రింపబడినవారి సహకారమునకు ఇది తొలి నిదర్శనము.

ఈ విద్య దక్షిణదేశమున క్రమముగా వ్యాపించెను. 1934లో మదరాసు ప్రభుత్వ వైద్యశాలలో బర్నార్డు రేడియాలజీ సంస్థ వెలసెను. 1954లో మధురయందును, 1965లో తిరునెల్వేలియందును వైద్యకళాశాలలు ఏర్పడెను. ఆ రెండు నగరముల నడుమనున్నవే విరుదునగరము, కోవిల్పట్టి. 2022 జనవరిలో విరుదునగరమునకును ప్రభుత్వ వైద్యకళాశాల లభించెను.

నిమిషములు పట్టిన పని నేడు క్షణములో చిన్నభాగమున ముగియుచున్నది. కావున రోగి ఓర్పుతో పనిలేదని తోచవచ్చును. అది పొరపాటు. యంత్రవేగము చేతివణకును జయించినది కాని, రోగికి మారుగా ఊపిరి పీల్చజాలదు. నిండుగా పీల్చి బిగబట్టినపుడు, రొమ్మును కడుపును వేరుచేయు కండరపు పొరకు పైన వెనుకవైపు ప్రక్కటెముకలు తొమ్మిదియో పదియో కనబడును. అరకొరగా పీల్చినచో గుండె పెరిగినట్లును, ఊపిరితిత్తుల అడుగుభాగమున జబ్బున్నట్లును భ్రమ కలుగును. క్షయ తఱచుగా పొడసూపునది ఊపిరితిత్తుల పైకొనలయందు. మెడప్రక్క వ్రేలాడు జడనీడయు అచ్చటనే పడును. తాళి యందలి పసుపుతాడు దాదాపు కనబడదు. బంగారుబొట్టు మాత్రము తెల్లనిమచ్చగా నిలుచును. చిత్రము చెడినచో మరల తీయవలసి, రోగికి మరికొంత కిరణతాపము తప్పదు.

ఈ రేగడిభూములలో మధుర నాయకరాజుల కాలమునుండి తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున జన్మించిన తెలుగింటి రచయిత కి. రాజనారాయణన్ ఆ వలసకథనే 1976లో ‘గోపల్ల గ్రామం’ అను తమిళనవలగా వెలయించెను. వీరికి వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు. తమిళము తెలియనివారు అరుదు. అయినను జబ్బుతో, భయముతో యంత్రము నెదుట నిలిచిన ముదుసలికి పరభాషలోని ఆజ్ఞకంటె “అవ్వా, ఊపిరి నిండుగా పీల్చి బిగబట్టు, కదలవద్దు” అను ఇంటిమాట త్వరగా చెవికెక్కును.

వెంటవచ్చిన మనుమడు ఆ గదిలో నిలువరాదు. కావున ఊపిరి బిగబట్టుటను ముందుగా ఇంటనే రెండుమూడుసారులు నేర్పి, జడను పైకి ముడిపించి, నగలను తీయించి తీసికొనిపోవుట మేలు. మంచి చిత్రమునకు సగము సిద్ధత ఆ ఇంటి అరుగుమీదనే జరుగును.