చిగురు కోసే ముందు కొలవాల్సినవి

మదురై నుంచి తిరుచ్చి వెళ్ళే రహదారి మీద 30 కిలోమీటర్ల దూరంలో ఉంది మేలూరు. నాయక రాజుల కాలం నుంచి మదురై చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు, బడిలో బజారులో తమిళం మాట్లాడుతూ వచ్చాయి. పెళ్ళి సంబంధాల్లో ఫొటో ముందు వచ్చి మనిషి తర్వాత వచ్చే రోజులివి. నవ్వితే పళ్ళకన్నా చిగుళ్ళే ఎక్కువ కనిపిస్తున్నాయని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఆడపిల్లలు మేలూరులోనూ ఉంటారు, విజయవాడలోనూ ఉంటారు. అలాంటివాళ్ళు దంతవైద్యశాలకు వెళితే తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. చిగురును కాస్త కోసి గీత సరిచేస్తాం, ఒక్కపూట పని అంటారు. ఆ జవాబు కొందరికి నిజంగానే సరైనది. ఆ కొందరు ఎవరో తేల్చడానికి మన దగ్గరున్న ఆధారాలేమిటి, వాటి బలం ఎంత అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

చిగురు కనిపించడమే జబ్బు కాదు. అమెరికాలో టియాన్, ఆయన సహచరులు 1984లో 20 నుంచి 30 ఏళ్ళ మధ్యవాళ్ళు 454 మంది నవ్వులను పరిశీలించారు. పై పళ్ళు పూర్తిగా, వాటి పైన చిగురు పట్టీగా కనిపించే నవ్వు దాదాపు 11 శాతం మందిలో ఉంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో అది ఇంచుమించు రెట్టింపు. అంటే పదిమందిలో ఒకరి నవ్వు సహజంగానే అలా ఉంటుంది. మరి ఎంత కనిపిస్తే ఎక్కువ? 1999లో కోకిచ్ బృందం ఒకే నవ్వు ఫొటోను కొద్దికొద్దిగా మారుస్తూ వేర్వేరు మనుషులకు చూపించింది. పళ్ళ వరస సరిచేసే ఆర్థోడాంటిస్టులకు చిగురు 2 మిల్లీమీటర్లు కనిపించగానే నవ్వు బాగాలేదనిపించింది. మామూలు జనానికి 4 మిల్లీమీటర్లు వచ్చేదాకా ఆ తేడానే తెలియలేదు. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే. ఎదుటివాళ్ళు అసలు గమనించని లోపాన్ని కుర్చీలో కూర్చోబెట్టిన నిపుణుడు గమనిస్తాడు. పైగా ఈ కొలతలన్నీ అమెరికాలో తీసినవి. మేలూరు అమ్మాయి ముఖానికి వాటినే గీటురాయి చేసుకోనక్కర్లేదు.

చిగురు ఎక్కువగా కనిపించడానికి కారణం చాలాసార్లు చిగుళ్ళలో ఉండదు. పై దవడ ఎముక నిలువుగా ఎక్కువ పెరిగి ఉండొచ్చు. పై పెదవి పొట్టిదై ఉండొచ్చు. పెదవి సరిపడా పొడవున్నా, నవ్వినప్పుడు దాన్ని పైకి లాగే కండరాలు మరీ చురుగ్గా ఉండొచ్చు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్ లాంటి మందులు చిగుళ్ళను ఉబ్బిస్తాయి. ఫెనిటాయిన్ వాడేవాళ్ళలో సుమారు సగం మందికి ఈ వాపు రావచ్చని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. పాచి, గార పేరుకుపోయి వాచిన చిగుళ్ళు మరో సంగతి. వీటిలో ఏ ఒక్కదానికీ అందం కోసం చిగురు కోయడం మొదటి వైద్యం కాదు. మందు వల్ల వచ్చిన వాపును కోసేసి అదే మందు కొనసాగిస్తే వాపు మళ్ళీ వస్తుంది. ముందు పళ్ళు శుభ్రం చేయించి, మందు మార్చే వీలుందేమో అది రాసిన వైద్యుణ్ణి అడగాలి. మందును సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం, ముఖ్యంగా మూర్ఛ మందును.

చిగురు కోత బాగా ఫలించేది ఒక పరిస్థితిలో. పన్ను దవడలోంచి పూర్తిగా బయటికి వచ్చాక చిగురు అంచు మెల్లగా వెనక్కి తగ్గి ఎనామెల్‌ను బయటపెట్టాలి. కొందరిలో అది మధ్యలోనే ఆగిపోతుంది. అప్పుడు పన్ను నిజంగా పొట్టిది కాకపోయినా పొట్టిగా, నలుచదరంగా కనిపిస్తుంది. దక్షిణాఫ్రికాలో వోల్చాన్‌స్కీ, క్లీటన్ జోన్స్ 1974లో 1025 మందిని పరిశీలించినప్పుడు సుమారు 12 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది. దీన్ని గుర్తించడం కొంతవరకు తేలికే. ముందు పై పన్ను పొడవు మామూలుగా 10, 11 మిల్లీమీటర్లు ఉంటుంది, వెడల్పు ఆ పొడవులో 75 నుంచి 80 శాతం. పొడవూ వెడల్పూ దాదాపు సమానంగా కనిపిస్తే పంటి కొంత భాగం చిగురు కింద దాక్కుని ఉండొచ్చు. లేదా రాత్రిళ్ళు పళ్ళు కొరికే అలవాటు వల్ల పంటి అంచు అరిగి ఉండొచ్చు. ఈ రెండింటికీ చికిత్స వేరువేరు.

వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలి. 12 నుంచి 19 ఏళ్ళ దాకా పిల్లలను వరసగా పరిశీలించి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పళ్ళు బయటికి కనిపించే పొడవు ఆ ఏళ్ళ పొడవునా పెరుగుతూ వచ్చింది. పదిహేనేళ్ళ పిల్లకు చిగురు కోయమని తల్లిదండ్రులు తొందరపడితే, రెండు మూడేళ్ళు ఆగమనే వైద్యుడి మాటను నేను నమ్ముతాను. అవతలి వైపు కూడా చూడాలి. విగ్, బ్రండో 1978లో ప్రచురించిన కొలతల్లో పెదవులు విశ్రాంతిగా ఉన్నప్పుడు కనిపించే పై పన్ను సగటున 30 ఏళ్ళ లోపు 3.37 మిల్లీమీటర్లు, నలభైల్లో 0.95 మాత్రమే. వయసుతో పై పెదవి కిందికి జారుతుంది. ఇరవైల్లో ఇబ్బంది పెట్టిన చిగురు నలభైల్లో దానంతటదే కొంత కప్పుకుపోతుంది.

ఇక కోత దగ్గరికి వద్దాం. మత్తు సూది పనిచేశాక వైద్యుడి చేతిలోకి ముందు రావాల్సింది కత్తి కాదు, ప్రోబ్. మిల్లీమీటర్లు నల్లగీతలతో గుర్తుపెట్టిన సన్నటి కడ్డీ అది. దాన్ని చిగురుకూ పంటికీ మధ్య ఉన్న సందులోకి మెల్లగా దించి, ఎనామెల్ అయిపోయి వేరు మొదలయ్యే గట్టు ఎక్కడుందో వెతుకుతారు. తర్వాత అదే కడ్డీని చిగురు లోపలికి, ఎముక తగిలేదాకా నొక్కుతారు. అంచు నుంచి ఎముక వరకు ఎన్ని గీతలు మునిగాయో ఆ అంకె మీదే మిగతా పనంతా ఆధారపడి ఉంటుంది.

ఎందుకంటే ఎముకకూ చిగురు అంచుకూ మధ్య శరీరం కొంత జాగా ఉంచుకుంటుంది. గార్జియులో, వెంట్జ్, ఆర్బన్ 1961లో 287 పళ్ళను పరిశీలించి, పంటికి అంటుకుని ఉండే ఆ కణజాలం ఎత్తు సగటున 2.04 మిల్లీమీటర్లని తేల్చారు. దాని పైనున్న సందునూ కలుపుకుంటే సుమారు 3 మిల్లీమీటర్లు. ఇది సగటు మాత్రమే, పన్నుకూ పన్నుకూ మారుతుంది. ఎముక తగినంత దూరంలో ఉంటే చిగురు ఒక్కటే కోస్తే చాలు. దగ్గరగా ఉంటే చిగురును తెరిచి ఎముకనూ కొంత తగ్గించాలి, అది పెద్ద పని. అలా కాక ఎముకను వదిలేసి చిగురొక్కటే కోస్తే అది మెల్లగా పాత చోటికే వచ్చేస్తుంది. ఇటలీలో పొంటోరియెరో, కార్నెవాలే 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఎముక తక్కువగా తీసిన పళ్ళ దగ్గర ఏడాదిలో చిగురు సగటున 3 మిల్లీమీటర్ల దాకా తిరిగి పెరిగింది. అవి పళ్ళకు క్రౌన్లు తొడగడానికి చేసిన శస్త్రచికిత్సలు, అందం కోసం చేసినవి కావు. ఆ అంకెను యథాతథంగా ఇక్కడికి తేవడం సరికాదు. కానీ చిగురు ఎటు కదులుతుందన్నది మాత్రం అందులో స్పష్టంగానే ఉంది. అందుకే వారానికో, నెలకో తీసిన ఫొటోలు నాకు సరిపోవు. కనీసం ఆరు నెలల తర్వాతి ఫొటో చూపించమనాలి.

లేజర్‌తో చేస్తామంటే మెరుగైన వైద్యమని చాలామంది అనుకుంటారు. డయోడ్ లేజర్‌తో రక్తం తక్కువగా కారుతుంది, కుట్లు అక్కర్లేకపోవచ్చు. అయితే అది ఎముకను తగ్గించలేదు. వేడి పంటి వేరుకో ఎముకకో తగలకుండా చూడటం చేసేవారి నైపుణ్యం. చిగురు కోసిన చోటే నిలుస్తుందా లేదా అన్నది కోసిన పరికరం మీద కన్నా కింద ఎముక ఉన్న చోటు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

దక్షిణాదిలో దీనితోపాటే అమ్మే ఇంకో చికిత్స నల్లని చిగుళ్ళ రంగు తీయడం. ఆ నలుపు మెలనిన్, చర్మానికి రంగునిచ్చే పదార్థమే. అది జబ్బు కాదు, మురికీ కాదు. పైపొరను గీకి తీసేసినా రంగు మళ్ళీ వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. దీన్ని సమస్యగా చూపించి భయపెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

కండరం వల్ల వచ్చిన చిగురు నవ్వుకు, ఆ కండరాన్ని సడలించే బోటులినమ్ సూది పనిచేస్తుంది. పోలో 2008లో 30 మందికి ఇచ్చి చూశాడు. రెండు వారాలకు చిగురు బాగా కప్పుకుంది, ఆ తర్వాత 24 వారాల దాకా ప్రభావం క్రమంగా తగ్గుతూ వచ్చింది. ఫలితం నిలవాలంటే సూది మళ్ళీమళ్ళీ వేయించుకోవాలి. దవడ ఎముక కారణమైతే దానికి దవడ శస్త్రచికిత్సే తగినది, అది ఒక్కపూటలో అయ్యేది కాదు.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో నవ్వు అందంగా చేయించుకోవడానికి వెళ్ళిన 28 ఏళ్ళ యువకుడు ప్రాణం కోల్పోయాడు. మత్తుమందు ఎక్కువైందని తండ్రి ఫిర్యాదు చేశారు, పోలీసులు నిర్లక్ష్యం కేసు పెట్టారు. ఫిర్యాదు, రుజువు ఒకటి కావు. ఒక్క సంఘటన నుంచి చికిత్స మొత్తాన్ని ప్రమాదకరం అనలేం. కానీ చిగురు కోత ఒక్కదానికే అయితే మామూలుగా ఆ చోటును మాత్రమే మొద్దుబార్చే లిగ్నోకైన్ సూది సరిపోతుంది. మనిషినే నిద్రపుచ్చుతామంటే ఎందుకని అడగాలి. మత్తు వైద్యుడు, ఆక్సిజన్ అక్కడున్నాయో లేదో చూడాలి. మేలూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే తల్లి తమిళంలో వివరణ విని, చదవలేని కాగితం మీద సంతకం చేయాల్సి వస్తే పక్కన చదవగలిగే మనిషిని కూర్చోబెట్టుకోవడం ఆమె హక్కు.

చివరగా ఖర్చు తక్కువైన ఒక పద్ధతి ఉంది. చాలామందికి దాని సంగతి చెప్పరు. కోసే ముందు పంటి రంగు మెత్తటి పదార్థాన్ని చిగురు మీదికి పరిచి, కోత తర్వాత పన్ను ఎంత పొడవు కనిపిస్తుందో అద్దంలో చూపించవచ్చు. దానితో నవ్వి ఫొటో తీయించుకుని ఇంట్లోవాళ్ళకు చూపించవచ్చు. నచ్చకపోతే ఆ పదార్థాన్ని ఊడదీస్తారు, చిగురు ఎలా ఉందో అలాగే ఉంటుంది.