కోవెలకుంట్ల ఉరికొయ్య: ఒక పాలెగాని చారిత్రక స్థానం

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీ ప్రభుత్వం ఉరితీసింది. జనం జడిసేందుకు తలను కోటపై వేలాడదీసింది. సీమలో పాటగా నిలిచిన ఆ జీవితాన్ని ఆరాధించడం తేలిక. భూస్వామి అని తోసిపుచ్చడం అంతకన్నా తేలిక. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు: ఒక పాలెగాని వెంట అంతమంది సామాన్యులు ఎందుకు నడిచారు?

1800లో నిజాం దత్తమండలాలను కుంపిణీకి అప్పగించాడు. అప్పటికి అక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లున్నారు. 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న మన్రో వారి కోటలను, బంట్లను లేకుండా చేసి, కొందరికి పెన్షన్లిచ్చి, శిస్తును నేరుగా రైతుమీద కట్టాడు. దోపిడి పోలేదు, దోచుకునే చేయి మారింది.

నరసింహారెడ్డికి దక్కిన పెన్షను నెలకు 11 రూపాయల చిల్లర. తాతగారి నొస్సం వంశానికి వచ్చే పెన్షను వారసులు లేక ఆగిపోయినప్పుడు అందులో భాగం అడిగితే సర్కారు కాదన్నది. ఇది ఆయన సొంత గాయం. దీనితోనే తిరుగుబాటు పుట్టదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరి కావలికి ప్రతిఫలంగా కట్టుబడిదారులు అనుభవిస్తున్న ఇనాం భూములను లాగుకునే ప్రయత్నం సాగింది. పెద్దవాని పరువు, పేదవాని చెక్క భూమి ఒకే దెబ్బకు గురైనాయి. 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానాపై పడినది ఆ రెండు కోపాల కలయిక. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు. వందలమందిపై కేసులు నడిచాయి.

జపాను చరిత్ర ఇక్కడ పనికివస్తుంది. 1871లో మెయిజీ ప్రభుత్వం ప్రభువుల సంస్థానాలను రద్దుచేసి వారికి ఆదాయంలో పదోవంతు ఇచ్చింది. 1876లో సమురాయిల భరణాలను బాండ్లుగా మార్చింది. మరుసటి ఏడు సైగో తకమోరి నాయకత్వాన సత్సుమా సమురాయిలు తిరగబడి ఓడారు. అక్కడ పాత వర్గాన్ని కూల్చినది స్వదేశ ప్రభుత్వం. ఆ బాండ్ల డబ్బులో కొంత బ్యాంకులకు పెట్టుబడి అయింది. ఇక్కడ కూల్చినది పరాయి వర్తక సంఘం. శిస్తు సొమ్ము సీమలో కాలువగా, కర్మాగారంగా మారలేదు.

కనుక నరసింహారెడ్డిని ప్రజానాయకుడని పొగిడితే ఆయన వర్గాన్ని మరచినట్లు. భూస్వామి అని కొట్టివేస్తే కట్టుబడిదారులను మరచినట్లు. ఆయన పోరాడినది పోయిన అధికారం కోసం. వారు పోరాడినది పోబోతున్న నేల కోసం. పాటలో ఆయన పేరు మిగిలింది. వారి పేర్లను వెదకడం మన పని.