గోండుల మొర – ఠాణాల దూరము

హైదరాబాదు నగరమున మూసీనదికి ఉత్తరపు గట్టున నున్న అఫ్జల్‌గంజ్, అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేర వెలసిన వర్తకస్థానము. 1891లో నెలకొల్పబడిన ఆసఫియా గ్రంథాలయము తరువాత ఇచ్చటికే తరలివచ్చి, నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయముగా వెలయుచున్నది. ఏటి కావలి గట్టున ఉన్నత న్యాయస్థానము నిలిచినది. ఈ గంజులోని వర్తకునకు ఆపద వచ్చినచో కొత్వాలీ దగ్గర. అర్జీ వ్రాసి పెట్టువారును దగ్గర. అదే రాజ్యమున ఆదిలాబాదు అడవులలోని గోండులకు ఇట్టి సదుపాయము లేకుండెను.

అడవులను సర్కారు రక్షితారణ్యములుగా హద్దులు వేసి మూసివేయగా, తరతరములుగా పోడు చేసికొనుచున్న గోండులు నేరస్థులైరి. మైదానమునుండి వచ్చిన వారు పట్టాలు సంపాదించి వారి భూములలో స్థిరపడిరి. గోండునకు పట్టా లేదు, చదువు లేదు. ఆయన భాష గోండీ; సర్కారు కాగితము ఉర్దూ. చౌకీదారు మామూలు గుంజినను, షావుకారు పంట నెత్తుకొని పోయినను, కొండలు దిగి ఠాణాకు పోయి చెప్పుకొనుట ఆయనకు తరము గాకుండెను. కాని అటవీ అధికారి కబురంపినచో మాత్రము సాయుధులైన జవానులు ఆ కొండలనే ఎక్కి రాగలిగిరి.

1940లో జోడేఘాట్‌లో జరిగినది ఇదియే. భూమికై అర్జీలు పెట్టి విసిగిన కొమరం భీము తన వారితో అచ్చట నిలిచెను. పోలీసులు కాల్పులు జరుపగా ఆయనయు, అనుచరులు పలువురును నేలకొరగిరి.

పిమ్మట కారణము లరయుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు హైమన్‌డార్ఫును నియమించెను. గోండుల నడుమ నివసించి ఆయన తెలిపిన దేమనగా, ఈ అలజడికి మూలము భూమి పోవుటయు, మొర వినువారు లేకుండుటయు. మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము వెలసెను. గోండీలో వాచకములు వచ్చెను. 1356 ఫసలీ, అనగా 1946 నాటి గిరిజన ప్రాంత శాసనము వలన చిన్న తగవులను గోండు పంచాయతీలే తీర్చుకొనుటకు మార్గ మేర్పడెను. 1949 నాటికి లక్షన్నర ఎకరములకు పైబడిన భూమి గిరిజనుల కీయబడెను. తుపాకులు తేలేని శాంతిని ఆ జిల్లాలో పట్టాలు కొంతకాలము నిలిపినవి.

అయినను వలసలు ఆగలేదు. భూములు మరల చేయి జారినవి. 1981 ఏప్రిల్ 20న, సోమవారపు సంతనాడు, ఇంద్రవెల్లిలో భూమికై సభ తలపెట్టిన గోండులకు అనుమతి నిరాకరింపబడెను. అప్పుడును పోలీసులు తుపాకులతోనే వచ్చిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారము 13 మంది మరణించిరి. అంతకంటె ఎక్కువయని ప్రజల మాట.

జోడేఘాట్ నేడు కొమరం భీము పేరనే 2016లో ఏర్పడిన జిల్లాలో నున్నది. మారుమూల పల్లెకు ఠాణా యెంత దూరమో కొలుచునప్పుడు, మైళ్లతోపాటు మరి రెండు విషయములు చూడవలెను: అచ్చటి అధికారికి పల్లెవాని భాష తెలియునా? పల్లెవానికి తన హక్కు వ్రాసి చూపు అక్షరము తెలియునా? ఈ రెండవదానిని తీర్చుట పల్లె పల్లెన వెలసిన గ్రంథాలయముల పని.